మరణ కారణం దగ్గర వైకల్యం పేరు రాసి ఊరుకోకండి

పిల్లల వైద్యులకు, ఆస్పత్రులు నడిపేవారికి, మరణాల లెక్కలు చూసే ఆరోగ్య అధికారులకు,

నమస్కారం.

నేను సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని స్థితి), ఫిట్స్ ఉన్న ఒక అమ్మాయికి తల్లిని. నాలాంటి తల్లిదండ్రులు చాలామంది నాకు తెలుసు. మా పిల్లల్లో కొందరు మాకంటే ముందే వెళ్లిపోతారు. ఈ మాట మేం పైకి అనుకోం గానీ, మా అందరికీ తెలుసు. అలా ఒక బిడ్డ పోయినప్పుడు, ఏమైందని అడిగిన అమ్మానాన్నలకు తరచుగా దొరికే జవాబు ఒక్కటే: "ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం ఉండరమ్మా."

ఈ లేఖ ఆ జవాబు గురించే.

ఆ మాట జాలితోనే అంటారని నాకు తెలుసు. కానీ అంతటితో ప్రశ్న ఆగిపోతుంది. మరణ ధృవీకరణ పత్రంలో అసలు కారణం అని ఉన్నచోట "సెరిబ్రల్ పాల్సీ" అనో "డౌన్ సిండ్రోమ్" అనో రాసేస్తే, ఆ బిడ్డ ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయిన సంగతి, రాత్రి ఎవరూ చూడని ఫిట్ వచ్చిన సంగతి, పేగు మూసుకుపోయిన సంగతి లెక్కల్లో కనిపించవు. అమెరికాలో స్కాట్ లాండెస్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ విషయం మీదే చాలాకాలంగా రాస్తున్నారు. వైకల్యాన్నే అసలు కారణంగా నమోదు చేయడం వల్ల, ఆపగలిగిన కారణాలు మరుగున పడిపోతున్నాయని వాళ్లు పదేపదే చూపించారు. లెక్కలో కనిపించనిదానికి బడ్జెట్ రాదు, శిక్షణ రాదు, ఎవరినీ జవాబు అడగరు. అందుకే ఈ చిన్న గడి గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

మా పిల్లలకు ముప్పు ఎక్కువన్న నిజాన్ని నేను కాదనడం లేదు. ఎక్కువే. అయితే ఆ ముప్పు ఎక్కడ ఉందో మీ వైద్య పరిశోధనలే ఎప్పుడో చెప్పాయి. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కాలిఫోర్నియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఎదుగుదల వైకల్యాలకు ప్రభుత్వ సేవలు అందుకుంటున్నవారిలో తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ల వివరాలను అందులో పరిశీలించారు. ఆయుష్షును అంచనా వేయడానికి బాగా పనికొచ్చినవి చాలా మామూలు సంగతులు: తనంతట తాను కదలగలగడం, నోటితో తినగలగడం. కదల్లేక, పొట్టలోకి వేసిన గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లలకు ముప్పు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. తల ఎత్తగలడా, బోర్లా పడగలడా, ముద్ద మింగగలడా అని చూస్తే తెలిసేది, జబ్బు పేరు ఒక్కటే చూస్తే తెలియదు.

కదలిక లేకపోవడం, మింగలేకపోవడం అనేవి ఊపిరితిత్తుల మీద, బరువు మీద, వెన్నెముక మీద, పేగుల మీద రోజూ పనిచేస్తాయి. అక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది. 1990 నాటి ఆ లెక్కల్ని కొందరు డాక్టర్లు జాతకంలా వాడారు. "ఈ బిడ్డకు ఇంకో నాలుగైదేళ్లే" అని చెప్పి వైద్యం తగ్గించుకున్నారు. కానీ అదే కాలిఫోర్నియా వివరాలతో 2007లో వచ్చిన మరో అధ్యయనం, రెండు దశాబ్దాల్లో తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మరణాలు తగ్గుతూ వచ్చాయని చూపించింది. గొట్టం ద్వారా తినేవాళ్లలోనూ పరిస్థితి మెరుగైంది. సంరక్షణ మారితే అంకెలు మారతాయి.

డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండే స్థితి, దాని సంగతి ఇంకా స్పష్టం. అమెరికాలో ఈ సిండ్రోమ్‌తో చనిపోయినవారి మధ్యస్థ వయసు (సగం మంది ఆ వయసుకు ముందే పోయారని అర్థం) 1983లో 25 ఏళ్లు. 1997 నాటికి అది 49 ఏళ్లకు చేరింది. పద్నాలుగేళ్లలో క్రోమోజోములేమీ మారలేదు. ఈ పిల్లల్లో దాదాపు సగం మంది పుట్టుకతోనే గుండె లోపంతో వస్తారు. ఒకప్పుడు వాళ్లకు ఆపరేషన్ చేయడం దండగ అనుకునేవారు, తరువాత చేయడం మొదలుపెట్టారు. వాళ్లను పెద్ద సంస్థల్లో పడేయడం తగ్గింది, ఇళ్లలో పెరగడం ఎక్కువైంది. 1982లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఒక పసికందుకు అన్నవాహిక పొట్టకు కలవలేదు. ఆపరేషన్‌తో సరిచేయగల లోపం అది. తల్లిదండ్రులు చేయించలేదు. కోర్టులు కూడా ఆ నిర్ణయాన్ని అడ్డుకోలేదు. ఆరో రోజున ఆ బిడ్డ ఆకలితో, దాహంతో పోయాడు. ఆ తరువాత అక్కడి చట్టాలు మారాయి. ఆ పసివాడి చావుకు డౌన్ సిండ్రోమ్ కారణమని ఎవరైనా రాయగలరా?

ఇక మా ఇళ్లలో రోజూ జరిగే విషయానికి వస్తాను. మా పిల్లల్లో, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ తీవ్రంగా ఉన్నవాళ్లలో, ప్రాణం తీసే కారణాల్లో మొదటిది ఊపిరితిత్తుల జబ్బు. అది ఒక్కరోజులో వచ్చిపడేది కాదు. ముద్ద మింగేటప్పుడు కొంచెం శ్వాసనాళంలోకి జారుతుంది. మామూలు బిడ్డకైతే పొలమారుతుంది, గట్టిగా దగ్గుతాడు, బయటికి వచ్చేస్తుంది. మా పిల్లల్లో చాలామందికి ఆ దగ్గే రాదు. మెతుకు లోపలికి పోయినా ముఖంలో ఏ మార్పూ ఉండదు. తినేటప్పుడు దగ్గుతున్నాడా అని మీరు అడుగుతారు, లేదండీ అని మేం చెబుతాం. ఇద్దరం నిజమే మాట్లాడుకుంటాం, బిడ్డకు మాత్రం ఊపిరితిత్తులు నెమ్మదిగా పాడవుతుంటాయి. తిన్న తరువాత గొంతు తడితడిగా వినిపించడం, భోజనం గంటసేపు సాగడం, కళ్లలో నీళ్లు తిరగడం, తరచూ కారణం తెలియని జ్వరం, ఏడాదిలో రెండు మూడుసార్లు ఛాతీకి జలుబు పట్టడం ఇలాంటివన్నీ కలిపి అడగండి. అనుమానం వస్తే మింగే తీరును ఎక్స్‌రే వీడియోలో చూసే పరీక్షకు పంపండి. ఆ పరీక్ష దగ్గరలో లేకపోతే, మింగడంలో శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్టు ఒకసారి పక్కన కూర్చుని బిడ్డ తినడం చూస్తే చాలా తెలుస్తుంది. తల వెనక్కి వాల్చి, పడుకోబెట్టి తినిపించడం ఎంత ప్రమాదమో చాలా ఇళ్లలో తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు.

దీనికి తోడు పొట్టలోది పైకి ఎగదన్నడం ఉంటుంది. చొంగ ఉంటుంది. వెన్ను వంగిపోయి ఒక వైపు ఊపిరితిత్తికి విచ్చుకునే చోటు లేకపోవడం ఉంటుంది. పళ్లు శుభ్రంగా లేకపోతే నోటిలోని క్రిములు ఆ చొంగతో పాటే లోపలికి దిగుతాయి. మా పిల్లల పళ్ల గురించి నేను ఇన్నేళ్లుగా వింటున్న మాట, "ముందు పెద్ద సమస్యలు చూద్దాం లెండి" అని. పళ్లు పెద్ద సమస్యే. నిమోనియాకు అదొక దారి.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిలబడలేని పిల్లల్ని చాలాచోట్ల అసలు తూచరు. తల్లి ఎత్తుకుని తూకం మీద నిలబడి, తరువాత తన బరువు తీసేస్తే సరిపోయే పనికి కూడా తీరిక దొరకదు. "ఈ పిల్లలు సన్నగానే ఉంటారు" అంటారు. 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ప్రత్యేకంగా ఎదుగుదల పట్టికలు తయారుచేసి, ఏ బరువు దగ్గర ముప్పు పెరుగుతుందో చెప్పింది. నడవలేని పిల్లల్లో, వాళ్లలాంటి పిల్లల పట్టికలోనే 20వ పర్సెంటైల్ కంటే కిందికి, అంటే వందమందిలో అందరికంటే తేలికైన ఇరవై మందిలోకి, దిగితే మరణ ముప్పు పెరుగుతోంది. అంటే సన్నగా ఉండే పిల్లల మధ్య కూడా మరీ సన్నగా ఉండటం ఒక హెచ్చరిక. ఉగాండాలోని పల్లెల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 97 మంది పిల్లల్ని నాలుగేళ్లు గమనిస్తే 15 మంది చనిపోయారు. అక్కడి మామూలు పిల్లలతో పోలిస్తే అది 25 రెట్లు. తీవ్రమైన కదలిక లోపం, పోషకాహార లోపం ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువగా కనిపించింది. 2021లో యూనిసెఫ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలు ఏదో ఒక వైకల్యంతో ఉన్నారు. మిగతా పిల్లల కంటే వాళ్లు గిడసబారిపోయే అవకాశం 34 శాతం ఎక్కువ, శ్వాసకోశ ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపించే అవకాశం 53 శాతం ఎక్కువ. ఇవి ఆకలి లెక్కలు, దగ్గు లెక్కలు. మెదడులో పోయినదాన్ని మీరు తిరిగి తేలేరు, నిజమే. ఆకలిని, దగ్గును చూడగలరు కదా.

గొట్టం పెట్టించే విషయంలో ఒక మాట. నోటితో తినిపించడం తల్లికి బిడ్డతో ఉండే దగ్గరితనం. దాన్ని వదులుకోమన్నప్పుడు మేం గింజుకుంటాం. ఇంకొన్నాళ్లు చూద్దాం అంటాం. అప్పుడు మీరు "మీ ఇష్టం" అని వదిలేయకండి. "ఇప్పుడే పెట్టించండి, లేదంటే మీ బాధ్యత" అని బెదిరించకండి కూడా. గొట్టం పెట్టినా రుచికి రెండు చెంచాలు నోట్లో పెట్టడం కొందరు పిల్లలకు కుదురుతుందని, దానితో బరువు పెరగొచ్చని, కానీ చొంగ లోపలికి పోవడం గొట్టంతో ఆగదని, ఎగదన్నడం కొందరిలో పెరగొచ్చని అన్నీ చెప్పండి. ఒకసారి చెబితే మాకు ఎక్కదు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చెప్పండి.

టీకాల గురించి పెద్దగా రాయక్కర్లేదు, ఒక్క అంకె చాలు. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో చనిపోయినట్టు నమోదైన 336 మంది పిల్లల వివరాలు పరిశీలిస్తే, 146 మందికి నరాల సంబంధమైన సమస్య ఏదో ఒకటి ఉంది. వాళ్లలో ఎక్కువమంది మా పిల్లల్లాంటివాళ్లే. టీకా వేయించుకున్నవాళ్లు చాలా తక్కువ. ఫ్లూ టీకా, నిమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా మా పిల్లలకు అందరికంటే ముందు అందాలి. ఫిట్స్ ఉన్నాయి కాబట్టి టీకా వద్దని కింది స్థాయి సిబ్బంది వెనక్కి పంపిన పిల్లలు నాకు తెలుసు. ఏ టీకా, ఎప్పుడు వాయిదా వేయాలో డాక్టరే చూసి, కాగితం మీద రాసివ్వాలి.

ఫిట్స్ దగ్గరికి వస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఫిన్లండ్‌లో చిన్నప్పుడే మూర్ఛ వచ్చిన 245 మందిని 40 ఏళ్లపాటు గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 60 మంది చనిపోయారు. మెదడు దెబ్బతినడం లాంటి కారణం ముందే ఉన్నవాళ్లలో మరణాలు 37 శాతం. అలాంటి కారణం లేనివాళ్లలో 12 శాతం. ఫిట్స్ అదుపులోకి రానివాళ్లలోనే చావులు ఎక్కువ. సగానికి పైగా మరణాలు మూర్ఛకు సంబంధించినవే: కొన్ని కారణం తెలియకుండా హఠాత్తుగా జరిగినవి, కొన్ని ఫిట్ వల్ల జరిగినవి, కొన్ని నీళ్లలో మునిగి జరిగినవి. మూర్ఛ ఉన్నవాళ్లలో ఇలా కారణం తెలియకుండా హఠాత్తుగా వచ్చే మరణాన్ని వైద్యులు సుడెప్ అంటారు. 2017లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, అమెరికన్ ఎపిలెప్సీ సొసైటీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది పిల్లల్లో ఏడాదికి 4,500 మందికి ఒకరు, పెద్దల్లో 1,000 మందికి ఒకరు అని ఉంది. పిల్లల్లో కూడా దాదాపు పెద్దల్లో ఉన్నంత ఉండొచ్చని తరువాతి అధ్యయనాలు కొన్ని చెప్పాయి. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ తరచూ వచ్చేవాళ్లకు ముప్పు ఎక్కువ. రాత్రి గదిలో ఎవరైనా ఉండటం, లేదా శబ్దం వినిపించే పరికరం ఉండటం ముప్పును తగ్గించవచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ విషయం తల్లిదండ్రులకు చెప్పాలని కూడా అందులోనే ఉంది.

చెబుతున్నారా? నాకు తెలిసిన తల్లిదండ్రుల్లో ఈ మాట డాక్టర్ నోట విన్నవాళ్లు చాలా తక్కువ. "వాళ్లకు అనవసరంగా టెన్షన్ ఎందుకు" అని మీలో ఒకరు నాతోనే అన్నారు. మా టెన్షన్ గురించి ఆలోచించినందుకు సంతోషం. కానీ తెలిసుంటే మేం బిడ్డను పక్కగదిలో పడుకోబెట్టం. మందు అయిపోయేదాకా ఆగం, నాలుగు రోజులు ముందే తెచ్చిపెట్టుకుంటాం. ఫిట్స్ తగ్గాయి కదా అని ఎవరో చెప్పిన మాట విని మందు ఒక్కసారిగా ఆపేయం. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే ఏం చేయాలో తెలిసుంటుంది, చెంపలో వేసే మిడజోలామ్ లాంటి అత్యవసర మందు ఇంట్లో, బడిలో ఉంటుంది. దాన్ని ఎలా వేయాలో బడిలో టీచరుకు కూడా నేర్పించి ఉంటాం. మాకు భయం లేకుండా చేయడానికి మీరు మౌనంగా ఉంటే, ఆ మౌనం ఖరీదు మా బిడ్డ కడుతుంది.

ఇంగ్లండ్‌లో కానర్ స్పారోహాక్ అనే 18 ఏళ్ల కుర్రాడు 2013 జూలైలో ఒక వైద్య కేంద్రంలో స్నానపు తొట్టిలో మునిగి చనిపోయాడు. ఆటిజం, నేర్చుకోవడంలో వైకల్యం (బుద్ధి ఎదుగుదలలో లోపం), మూర్ఛ ఉన్నవాడు. ఫిట్స్ ఉన్నాయని అక్కడి సిబ్బందికి తెలుసు. అయినా ఒంటరిగా స్నానానికి వదిలారు. నిర్లక్ష్యం ఆ మరణానికి దోహదపడిందని 2015లో విచారణ జ్యూరీ తేల్చింది. కుటుంబం పట్టుబట్టకపోయి ఉంటే అది సహజ మరణంగానే మిగిలిపోయేది. చట్టంతో, కోర్టులతో ఏళ్లు పోరాడే శక్తి ఎన్ని కుటుంబాలకు ఉంటుంది?

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, ఆటిజం పిల్లల తల్లిదండ్రుల తరఫున ఇంకొంచెం. 2017లో అమెరికాలో మరణాల రికార్డులతో చేసిన అధ్యయనం, ఆటిజం ఉన్న పిల్లలు నీట మునిగి చనిపోయే అవకాశం ఇతర పిల్లల కంటే 160 రెట్లు అని లెక్క తేల్చింది. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ప్రాణం, ప్రమాదం అంటే ఏమిటో తెలియదు. చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లిపోతారు. 2012లో వచ్చిన ఒక సర్వేలో నాలుగేళ్లు దాటిన ఆటిజం పిల్లల్లో 49 శాతం మంది కనీసం ఒకసారి అలా వెళ్లిపోయే ప్రయత్నం చేశారని తల్లిదండ్రులు చెప్పారు. ఆటిజం అని చెప్పిన రోజునే, థెరపీల జాబితాతో పాటు, తలుపు గడియ గురించి, ఇంటి చుట్టుపక్కల నీళ్లెక్కడున్నాయో చూసుకోవడం గురించి, ఈత నేర్పించడం గురించి, పిల్లవాడు కనిపించకపోతే ముందు నీళ్ల దగ్గరే వెతకాలన్న సంగతి గురించి చెప్పండి. ఐదు నిమిషాలు పట్టదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయం. మా పిల్లలు తమ నొప్పిని మాటల్లో చెప్పలేరు. తల బాదుకుంటారు, చెయ్యి కొరుక్కుంటారు, తినడం మానేస్తారు, రాత్రంతా అరుస్తారు, ఒక్కోసారి మరీ నిశ్శబ్దంగా అయిపోతారు. మేం ఆస్పత్రికి పరిగెత్తుకొస్తే, "అది వాడి కండిషన్‌లో భాగమే, బిహేవియర్" అని నిద్రమందు రాసి పంపేస్తారు. కొత్త లక్షణాన్ని పాత వైకల్యం ఖాతాలో వేసేసే ఈ అలవాటును మానసిక నిపుణులు 1982లోనే గుర్తించి రాశారు. చెవిపోటు, పంటినొప్పి, విరిగిన ఎముక, పొట్టలో పుండు, పేగు అడ్డంకి ఇవన్నీ "బిహేవియర్" కింద దాక్కుంటాయి. కదలిక తక్కువగా ఉండి, నీళ్లు సరిగా తాగలేక, కొన్ని మందుల వల్ల కూడా మా పిల్లల్లో మలబద్ధకం చాలా మామూలు. మామూలు కాబట్టే ఎవరూ పట్టించుకోరు. పొట్ట ఉబ్బి, వాంతులు మొదలై, పేగు చిల్లుపడేదాకా వెళ్లిన సంఘటనలు, నేర్చుకునే వైకల్యం ఉన్నవారి మరణాల మీద ఇంగ్లండ్‌లో జరిగిన సమీక్షల్లో మళ్లీమళ్లీ బయటపడ్డాయి. చివరిసారి విరేచనం ఎప్పుడైంది అన్న ప్రశ్నకు మా కేస్ షీట్‌లో ఒక గడి ఉండాలి.

ఒక తల్లి "ఇవాళ వీడు వీడిలా లేడు" అన్నప్పుడు, అది పరీక్ష రిపోర్టంత విలువైన సమాచారం. దయచేసి రాసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ర్యాన్స్ రూల్ అని ఒకటి ఉంది. 2007లో ర్యాన్ సాండర్స్ అనే చిన్నారి ఇన్ఫెక్షన్ గుర్తించక చనిపోయాక, అతని తల్లిదండ్రుల ఆందోళనను పట్టించుకోలేదని తేలాక అది వచ్చింది. ఆస్పత్రిలో ఉన్న బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపించి, చెప్పినా వినకపోతే, వాళ్లే ఫోన్ చేసి వేరే డాక్టర్ చేత వెంటనే చూపించమని అడగొచ్చు. ర్యాన్‌కు వైకల్యం లేదు. కానీ మాట రాని పిల్లలకు ఇలాంటి హక్కు ఇంకా ఎక్కువ అవసరం. మీ ఆస్పత్రిలో దీన్ని పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఒక ఫోన్ నంబరు, దాన్ని ఎత్తే ఒక సీనియర్ డాక్టర్ చాలు.

మందుల విషయంలో కూడా మా మాట వినండి. 2016లో ఇంగ్లండ్‌లోనే ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఆటిజం, ఫిట్స్, తేలికపాటి సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాడు. మానసిక జబ్బుకు వాడే మందులు తనకు పడవని అతనూ చెప్పాడు, తల్లిదండ్రులూ చెప్పారు. అయినా అలాంటి మందే ఇచ్చారు. అది వికటించి మెదడు వాచింది. అతని తల్లి పోరాటం వల్ల, ఆటిజం, నేర్చుకునే వైకల్యాల గురించి ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్న నిబంధన 2022లో అక్కడ చట్టంలోకి వచ్చింది. ఒక బిడ్డ పోయాక గానీ శిక్షణ రాకూడదు.

పేదరికం, ఆస్పత్రి దూరం, ఒంటరి తల్లి అలసట ఇవన్నీ ముప్పే. పెద్ద పెద్ద సంరక్షణ గృహాల్లో ఒక్క ఆయా చేతిలో పదిమంది పిల్లలు ఉంటే తినిపించడం హడావిడిగానే జరుగుతుంది, హడావిడిగా తినిపిస్తే ఏమవుతుందో పైన రాశాను. వీటన్నిటినీ డాక్టర్లు సరిచేయలేరని నాకు తెలుసు. అధికారులు చేయగలరు. వాళ్లకు నేను అడిగేది ముందు లెక్క.

ఇంగ్లండ్‌లో 2010 నుంచి 2013 వరకు, నేర్చుకునే వైకల్యం ఉన్న 247 మంది మరణాలను ఒక్కొక్కటిగా తవ్వి చూశారు. మామూలు జనంతో పోలిస్తే సగటున మగవాళ్లు 13 ఏళ్లు, ఆడవాళ్లు 20 ఏళ్లు ముందే చనిపోయారు. ఆలస్యంగా రోగం గుర్తించడం, చికిత్స మొదలుపెట్టడంలో జాప్యం, కుటుంబం మాట వినకపోవడం, ఒక విభాగానికి ఇంకో విభాగానికి పొంతన లేకపోవడం చాలా కేసుల్లో కనిపించాయి. ఆ తరువాతే ప్రతి మరణాన్నీ సమీక్షించే కార్యక్రమం అక్కడ మొదలైంది. ఆ సమీక్షల్లో ఇంకో సంగతి బయటికొచ్చింది: గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయొద్దన్న ఆదేశాల్లో, కొన్నిటిలో కారణంగా "డౌన్ సిండ్రోమ్" అనో "నేర్చుకునే వైకల్యం" అనో మాత్రమే రాసి ఉంది. అంటే ప్రాణం కాపాడకపోవడానికి వైకల్యమే కారణం, ప్రాణం పోయాక పత్రంలో రాయడానికీ వైకల్యమే కారణం.

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 25వ అధికరణంలో, వైకల్యం కారణంగా వైద్యాన్ని గానీ, ఆహారాన్ని, ద్రవాలను గానీ నిరాకరించకూడదని స్పష్టంగా ఉంది. ఆహారం, నీళ్లు అని విడిగా రాయాల్సి వచ్చిందంటే, అలా జరిగింది కాబట్టే. కొందరు బిడ్డలకు ఇక బాధపెట్టే చికిత్స వద్దనుకునే రోజు రావచ్చు. ఆ నిర్ణయం ఆ బిడ్డ ఒంటి పరిస్థితిని బట్టి, మాతో కూర్చుని, తొందర లేకుండా తీసుకోండి. నొప్పి లేకుండా చూడటం, ఊపిరి తేలిక చేయడం కూడా వైద్యమే, దాన్ని కూడా మాకు అందించండి. జబ్బు పేరు చూసి నిర్ణయం రాయకండి.

పద్దెనిమిదేళ్లు నిండగానే మా పిల్లల్ని పిల్లల వార్డు నుంచి పంపించేస్తారు. పదేళ్లుగా చూస్తున్న డాక్టర్ స్థానంలో బిడ్డ ఫైలు కూడా చదవని కొత్తవారు వస్తారు. ఫిట్స్ మందు మోతాదు, మింగే పద్ధతి, పడని మందులు, నొప్పి వచ్చినప్పుడు ఈ బిడ్డ ఎలా ప్రవర్తిస్తాడు అన్నవి ఒక పేజీలో రాసి మా చేతికివ్వండి. క్యాజువాలిటీలో అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ అదొక్కటి చదివితే చాలు. ఆ పేజీ పదహారో ఏటనే తయారవ్వాలి, పద్దెనిమిదో పుట్టినరోజు తరువాత కాదు.

ఇక మరణ పత్రంలోని ఆ గడి. మీ ఆస్పత్రిలో ఇలాంటి బిడ్డ చనిపోయినప్పుడు, పత్రం మీద సంతకం పెట్టే ముందు బిడ్డను ఇంట్లో చూసుకున్నవాళ్లను పిలిచి అడగండి. ఆఖరి వారం ఎలా తిన్నాడు, ఎప్పుడు పొలమారింది, బరువు ఎంత తగ్గింది, మందు ఏ రోజు తప్పింది, ఎవరితో చెప్పుకున్నారు, వాళ్లు ఏమన్నారు. ఆ జవాబులను బట్టి నిమోనియా అయితే నిమోనియా అని, ఫిట్ అయితే ఫిట్ అని, పేగు అడ్డంకి అయితే అదే రాయండి. వైకల్యాన్ని దాని కింద, తోడున్న పరిస్థితిగా నమోదు చేయండి. ఏడాదికి ఒకసారి అలాంటి పత్రాలన్నీ ముందేసుకుని, వీటిలో ఎన్ని ఆపగలిగేవి అని మీలో మీరు చర్చించండి. ఆ చర్చకు మాలో ఇద్దరు ముగ్గురిని కూడా పిలవండి. మేం వస్తాం.

ఇట్లు,
ఒక అమ్మ